బోణీ అయ్యేదాకా

పోయిన నెలలో మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, ఈ సాటర్‌డే మేము కార్డ్ షోకి వెళ్తున్నాం. ఫస్ట్ టైమ్. అక్కడ ఎలా ఉంటుంది? నువ్వు చూశావు కదా, చెప్పు."

డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఇల్లు కొన్న దగ్గర్నుంచీ దానికీ, దాని కూతురికీ బేస్‌బాల్ కార్డుల మీద మోజు పుట్టింది. ముందువైపు ఆటగాడి బొమ్మ, వెనకవైపు అతని ఆట లెక్కలు ఉండే అట్టముక్కలు అవి. వాటిని దాచుకునేవాళ్ళూ, కొనేవాళ్ళూ, అమ్మేవాళ్ళూ ఒక హాల్లో చేరితే దాన్ని షో అంటారు.

చెప్పడానికి చాలా ఉంది. చిల్లర నోట్లు పట్టుకెళ్ళాలి. మొదటి టేబుల్ దగ్గరే పర్సు తెరవకుండా ముందు హాలంతా ఒక చుట్టు తిరిగి రావాలి. కార్డుని అంచులు పట్టుకుని ఎత్తాలి, బొమ్మ మీద వేలు పెడితే కొట్టినంత పని చేస్తారు. ధర విన్నాక మొహంలో ఏమీ కనపడనివ్వకూడదు. ఇవన్నీ దానికి ఎవరైనా చెబుతారు. నేను మాత్రం, "ఎట్టి పరిస్థితుల్లోనూ టేబుళ్ళకి లోపలి వైపు కూర్చోకు," అన్నాను.

"వాట్ డజ్ దట్ ఈవెన్ మీన్, అమ్మా?" అని నవ్వింది. నవ్వుతుంది మరి. నేను షోకి వెళ్ళిన రోజు తనూ నాతోపాటు లోపలి వైపే ఉంది. నాకు అప్పుడు నాలుగో నెల.

ఎనభైల్లో సగం దాటిపోయిన రోజులవి. మేము ఆ పక్కనే ప్లేనోలో ఒక అపార్ట్‌మెంట్‌లో, పై అంతస్తులో ఉండేవాళ్ళం. మా వారు కంప్యూటర్ చిప్పులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. పొద్దున్నే ఆయన కారు తీసుకుని వెళ్ళిపోతే సాయంత్రం దాకా నాకు ఆ గదులే ప్రపంచం. బాల్కనీలో నిలబడితే వెడల్పాటి రోడ్డు, దాని అవతల కూరగాయలు దొరికే పెద్ద దుకాణం బోర్డు కనపడేవి. కనపడేవి, అంతే. నడిచేవాళ్ళ కోసం ఆ రోడ్డు అంచున అడుగు పెట్టేంత జాగా కూడా వదల్లేదు. ఆ ఊళ్ళో మనిషికి కాళ్ళుంటే చాలదు, కారుండాలి. నాకు డ్రైవింగ్ రాదు. నేర్పమని అడిగితే, "నెక్స్ట్ వీక్ మొదలుపెడదాం," అనేవారు. ఆ నెక్స్ట్ వీక్ నేను ఈ దేశంలో దిగినప్పటి నుంచీ వస్తూనే ఉంది.

ఆయనకి ఈ కార్డుల పిచ్చి ఆఫీసులో తగులుకుంది. ఎవరో తోటి ఇంజనీరు లంచ్ టైములో ఒక ప్యాకెట్ చేతిలో పెట్టి, వీటి ధరలు షేర్లు పెరిగినట్టు పెరుగుతున్నాయి అన్నాడట. అంతే. మా వారు బేస్‌బాల్ ఆట ఒక్కటి కూడా చివరిదాకా చూసింది లేదు. బ్యాటు పట్టుకున్నవాడు పరిగెత్తేముందు బ్యాటు ఎందుకు పారేస్తాడో ఆయనకి అర్థం కాదు, అడిగితే చిరాకు. కానీ ధరల పుస్తకం నెలనెలా వచ్చేది. దాన్ని ఆయన చదివినంత శ్రద్ధగా మా పెళ్ళి శుభలేఖ కూడా చదివి ఉండరు.

సరుకుల కోసం వెళ్ళినప్పుడల్లా మైనపు కాగితంలో చుట్టిన ప్యాకెట్లు తెచ్చేవారు. ప్రతిదాంట్లో కార్డులతోపాటు ఒక గులాబీరంగు బబుల్‌గమ్ ముక్క ఉండేది, పెంకులా ఎండిపోయి. ఇల్లంతా ఆ వాసనే. వేవిళ్ళ రోజుల్లో ఆ వాసనకి నాకు కడుపులో తిప్పేది. కార్డుల్ని నంబర్ల వరసలో పెట్టడం నా పని. నేను బి.ఎస్సీ. మ్యాథ్స్ ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. అమెరికా వచ్చి ఆ చదువుకి నాకు దొరికిన ఉపయోగం అది, అట్టముక్కల్ని ఒకటి, రెండు, మూడు అని పేర్చడం.

అలాంటి రోజుల్లో కమ్యూనిటీ కాలేజీ వాళ్ళ కోర్సుల పుస్తకం ఒకటి మెయిల్‌బాక్స్‌లో పడింది. అందులో కంప్యూటర్ ప్రోగ్రామింగ్ కోర్సు ఉంది. లెక్కల్లో ఒక ప్రవేశ పరీక్ష రాసి పాసైతే జనవరిలోనే చేర్చుకుంటారు, మేలో అయిపోతుంది. జూన్‌లో నాకు పురుడు. వేళ్ళ మీద లెక్కేసుకుంటే సరిగ్గా సరిపోయింది. ఆ రాత్రి అన్నాలు తినేటప్పుడు చెప్పాను. "ముందు బేబీ పుట్టనీ, తర్వాత చూద్దాం," అన్నారు. ఆ 'చూద్దాం' నాకు తెలుసు. అది డ్రైవింగ్ పాఠాల తమ్ముడు. ఇప్పుడు చేరకపోతే పిల్ల నడిచాక, పిల్ల స్కూలుకి వెళ్ళాక, రెండో పిల్ల పుట్టాక అని జరుగుతూ పోతుంది, నేను ఆ బాల్కనీలో ఆ బోర్డు చూస్తూ ముసలిదాన్నవుతాను. ఈ మాట ఆయనతో అనలేదు. "పరీక్ష రాస్తాను," అని మాత్రం అన్నాను. నా మొహం చూసి సరేనన్నారు.

ఇక్కడే వచ్చింది తిరకాసు. ఆ ప్రవేశ పరీక్షకి మిగిలిన ఆఖరి తేదీ ఒక శనివారం, మధ్యాహ్నం రెండు గంటలకి. అదే శనివారం ఒక హోటల్లో కార్డుల షో, మా వారు జీవితంలో మొదటిసారి టేబుల్ బుక్ చేశారు. అప్పటిదాకా కొనడమే, ఇప్పుడు అమ్ముతారట. నేను ఒంటికాలి మీద లేచాను. ఆయన నన్ను సర్దడానికి చూశారు.

"హోటల్ నుంచి నీ కాలేజీ చాలా క్లోజ్. నువ్వూ షోకి రా, నాకు హెల్ప్‌గా ఉంటుంది. పొద్దున్నే బోణీ కాగానే బయల్దేరదాం. నేనే డ్రాప్ చేస్తాను," అన్నారు.

"బోణీ కాకపోతే?"

"ఎందుకు కాదు? నాన్‌సెన్స్!"

మా వారికి రాహుకాలం పట్టదు, వర్జ్యం పట్టదు. శుక్రవారం డబ్బు ఇవ్వకూడదని మా అమ్మ అంటే ఎగతాళి చేసిన మనిషి. కానీ గుంటూరులో వాళ్ళ నాన్నగారిది బట్టల కొట్టు. చిన్నప్పుడు సెలవులన్నీ ఆ గల్లాపెట్టె పక్కన గడిపారు. మొదటి బేరం కాకుండా కొట్టు వదలకూడదు, మొదట వచ్చినవాణ్ణి ఒట్టి చేతులతో పంపకూడదు, మొదటి డబ్బు కళ్ళకద్దుకోవాలి. ఇంజనీరింగ్ చదివినా, సముద్రాలు దాటినా ఇది మాత్రం ఒంట్లోంచి పోలేదు. నాకు అప్పటికి ఆ సంగతి పూర్తిగా తెలియదు.

హోటల్లో పెళ్ళిళ్ళకి ఇచ్చే హాలు అది. నేల మీద పెద్ద పెద్ద పువ్వుల తివాచీ, పైన షాండిలియర్లు, కింద సిగరెట్ పొగ. టేబుళ్ళని చతురస్రంగా వేశారు. అమ్మేవాళ్ళు లోపల, కొనేవాళ్ళు బయట. మేము వెళ్ళినప్పుడు ఒక మూల మనిషి పట్టేంత సందు ఉంది, అందులోంచి లోపలికి వెళ్ళి కూర్చున్నాం. కాసేపటికి ఒకాయన బండి నిండా పెట్టెలు తోసుకుంటూ వచ్చి, ఆ సందులో ఇంకో టేబుల్ దించి, పెట్టెలన్నీ దాని మీదా కిందా గోడలా పేర్చేశాడు.

"మరి బయటికి ఎలా వెళ్తాం?" అన్నాను.

"టేబుల్ కింద నుంచి దూరడమే. అందరూ అదే చేస్తున్నారు, చూడు," అని ఆయన నవ్వారు. నిజమే, బొర్రలు వేసుకున్న పెద్దమనుషులు కూడా టేబుల్‌క్లాత్ ఎత్తి, కింద నుంచి పాకుతూ వస్తున్నారు, పోతున్నారు. నేను పరీక్షకని మంచి చీర కట్టుకుని, పైన స్వెటర్ వేసుకుని ఉన్నాను. హాలు మొత్తానికి చీర నాదొక్కటే. ఆడవాళ్ళే తక్కువ.

మా పక్క టేబుల్ మాత్రం ఒక ఆడమనిషిదే. అరవై దాటి ఉంటాయి, నెరిసిన జుట్టు, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళద్దాలు. తోడుగా ఆవిడ తమ్ముడు. వచ్చీ రాగానే ఆవిడ చూపు మా టేబుల్ మధ్యలో ఉన్న కార్డు మీద పడింది. అది ఎవరింటి ముందో పాత సామాన్లు అమ్మే గరాజ్ సేల్‌లో, ఒక బిస్కెట్ల డబ్బా అడుగున మా వారికి దొరికింది. ఎప్పటిదో పాత కార్డు, రంగు వెలిసిన టోపీలో ఒక బక్కపలచని కుర్రాడు. దాన్ని ప్లాస్టిక్ స్టాండులో నిలబెట్టి, అందరికీ కనపడేలా పెట్టారు.

"ఇతను పెద్ద టీముల్లోకి వెళ్ళకముందు మా ఊరి టీములో ఆడేవాడు," అందావిడ, టెక్సస్ వాళ్ళ సాగదీసే ఇంగ్లీషులో. "నేను గ్రౌండులో పాప్‌కార్న్ అమ్మేదాన్ని. రోజూ పలకరించేవాడు. ఎంతకి ఇస్తారు?"

"నాట్ ఫర్ సేల్, మేడమ్," అన్నారు మా వారు. ఆవిడ అటు తిరగ్గానే నాతో, "దీన్ని చూసి జనం మన టేబుల్ దగ్గర ఆగాలి. అమ్మేస్తే ఇంకేం ఉంటుంది?" అన్నారు. ఆవిడ మళ్ళీ అడగలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని దూరం నుంచి చూస్తూ ఉండిపోయింది.

తలుపులు తెరిచారు, జనం వచ్చారు. మా మొదటి గిరాకీ ఒక భారీ మనిషి, టోపీ పెట్టుకుని, చేతిలో కాఫీతో. ఒక కార్డు తీసి ధర అడిగి, తలూపి, తిరిగి పెట్టేశాడు. వెళ్ళబోతుంటే మా వారు టేబుల్ మీదుగా వంగి అతని చొక్కా చెయ్యి పట్టుకున్నారు.

"సర్, యు ఆర్ మై ఫస్ట్ కస్టమర్! యు కెనాట్ గో లైక్ దట్. యు మస్ట్ బై సమ్‌థింగ్!"

అతను చొక్కా వైపు చూసుకున్నాడు, మా వారి వైపు చూశాడు, రెండు చేతులూ పైకెత్తి మెల్లగా వెనక్కి నడిచాడు, కాఫీ కూడా ఒలకకుండా. ఆ తర్వాత మా వైపు వచ్చేవాళ్ళు మా టేబుల్ రాగానే నడక జోరు పెంచారు.

"ఏదో ఒకటి చవగ్గా ఇచ్చేయండి, బోణీ అయిపోతుంది," అన్నాను.

"బోణీ బేరమే చవగ్గా చేస్తే రోజంతా అలాగే నడుస్తుంది. బుక్ ప్రైస్ కంటే ఒక్క సెంట్ తగ్గేది లేదు," అన్నారు.

ఇటు బోణీ కావాలి, అటు ధర తగ్గకూడదు. ఈ రెండింటి మధ్యా నా పరీక్ష నలిగిపోతోంది. ఎదురుగా గోడ మీద పెద్ద గడియారం. పన్నెండు దాటింది. పులిహోర డబ్బా తెరిచాను గానీ పొగ వాసనకి ముద్ద దిగలేదు.

అప్పుడు మైకులో చెప్పారు. ఎవరో రిటైరైన పాత ఆటగాడు వచ్చాడట, ఆటోగ్రాఫ్‌లు ఇస్తాడట. మా వారు సంచీలోంచి కొత్త బాల్ తీశారు.

"దీని మీద సైన్ చేయించుకుని టేబుల్ మీద పెడితే బోణీ దెబ్బకి అవుతుంది. ఫైవ్ మినిట్స్. కార్డులు వదిలి ఎక్కడికీ కదలకు, ఇక్కడ చేతివాటం ఎక్కువట," అని టేబుల్‌క్లాత్ ఎత్తి కింద నుంచి మాయమైపోయారు. కారు తాళాలు ఆయన జేబులోనే.

ఆయన ఎక్కడికో పోయి ఉంటే ఒక బాధ. అలా కాదు, కనపడుతూనే ఉన్నారు. హాలు అవతలి గోడ పక్కన క్యూ, క్యూలో మా వారి నీలం స్వెటర్. ఆ ఆటగాడు ముసలాయన, మాటకారి. ఒక్కొక్కళ్ళ ఊరూ పేరూ అడిగి, కథలు చెప్పి, అప్పుడు సంతకం పెడుతున్నాడు. క్యూ కదలట్లేదు. నేను చెయ్యి ఊపుతాను, ఆయన చూడరు. ఆయన చూసినప్పుడు నాకు ఎవరో అడ్డం వస్తారు. ముళ్ళ మీద కూర్చున్నట్టు ఉంది నా పని.

నేనే బోణీ చేసేద్దామని కూడా చూశాను. బుక్ ప్రైస్ సంగతి దేవుడెరుగు, సగానికి ఇచ్చేస్తాననుకున్నాను. వచ్చినవాళ్ళు వింటేగా! "ఓనర్ ఎక్కడ?" అని ఒకతను. "మీ ఆయన వచ్చాక వస్తాం," అని ఇంకొకతను. ఒక గళ్ళ చొక్కా ఆయన అయితే నాతో మాట్లాడకుండానే, పక్కావిడని, "ఈ టేబుల్ ఎవరిది?" అని అడిగాడు. అన్ని కార్డులనీ నా చేత్తో వరసలో పెట్టాను, ఏ నంబరు ఎక్కడుందో కళ్ళు మూసుకుని తీస్తాను. అక్కడ మాత్రం నేను కుర్చీ మీద వదిలేసి వెళ్ళిన సంచీని.

ఒకటిన్నర కావస్తుంటే ఇక ఆగలేక లేచి నిలబడి పిలిచాను.

"ఏమండీ!"

హాల్లో ఒక్క తల తిరగలేదు. మళ్ళీ పిలిచాను, గొంతు చించుకుని. ఇద్దరు ముగ్గురు నావైపు చూశారు, వాళ్ళలో మా వారు లేరు. ఏమండీ కాక ఇంకేమని పిలవాలి? పెళ్ళైనప్పటి నుంచీ ఆయన పేరు నా నోటితో అనలేదు. మా అమ్మ అనలేదు, మా అత్తగారు అనలేదు. ఎయిర్‌పోర్టులో ఆఫీసరు భర్త పేరేమిటని అడిగితే కూడా పాస్‌పోర్టు ముందుకు తోసి వేలు పెట్టి చూపించాను. ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు అది నాలుక మీద వేసిన తాళం.

పక్కావిడ చూస్తోంది. "ఏమైంది, హనీ?" అంది. ఆ 'హనీ' వినగానే నాకు దుఃఖం పొంగుకొచ్చింది. పరీక్ష సంగతి, బోణీ సంగతి, నాలుగో నెల సంగతి, అన్నీ కలగాపులగంగా చెప్పేశాను. బోణీ ఆవిడకి ఎంత అర్థమైందో తెలియదు గానీ పరీక్ష అర్థమైంది.

"దానికేముంది, మైకులో పిలిపిద్దాం. పేరు చెప్పు, మా తమ్ముడు వెళ్ళి చెబుతాడు."

తమ్ముడు అప్పటికే వంగి టేబుల్‌క్లాత్ ఎత్తి, నా నోటి వైపు చూస్తూ ఆగాడు. నేను గోడ మీద గడియారం చూశాను. చెప్పేశాను. మొదటిసారి గొణిగాను, వినపడలేదన్నాడు. రెండోసారి గట్టిగా, ఇంటిపేరుతో సహా చెప్పాను. చెవులు వేడెక్కిపోయాయి. ఏదో అయిపోతుందనుకున్నాను, ఏమీ అవలేదు.

కాసేపటికి ఆ పేరు హాలంతా మోగింది. కాస్త వంకరగానే పలికారు గానీ పొరబడడానికి లేదు. "మీ టేబుల్ దగ్గరికి రండి, మీ భార్యకి మీతో పనుంది," అన్నారు. నీలం స్వెటర్ గిరుక్కున తిరిగింది. నేను కుర్చీ పట్టుకుని నిలబడి, నా మణికట్టు మీద వేలు పెట్టి చూపించాను. ఆయన నన్ను చూశారు. స్పష్టంగా చూశారు. తర్వాత తన ముందున్న నలుగురినీ చూసుకున్నారు. అరచెయ్యి ఎత్తి, ఆగమన్నట్టు చూపించి, మళ్ళీ అటు తిరిగిపోయారు.

నాకు ఏడుపు రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. అరికాలి మంట నెత్తికెక్కింది. పుట్టి బుద్ధెరిగి ఎవరి మాటా జవదాటిన మనిషిని కాదు నేను, పెద్దవాళ్ళు చెప్పినట్టే పెరిగాను, చెప్పినవాణ్ణే చేసుకున్నాను, చెప్పిన ఊరొచ్చాను. ఆ అరచెయ్యి చూశాక మాత్రం, ఇలాగే ఆగితే జన్మంతా ఆగడమే అని తెలిసిపోయింది.

పక్కావిడ కూడా ఆ అరచెయ్యి చూసింది. కుర్చీ వెనక తగిలించిన కోటు తీసుకుంది. "నా పికప్ ట్రక్కు బయటే ఉంది. నేను దింపుతాను. తమ్ముడు రెండు టేబుళ్ళూ చూసుకుంటాడు," అంది.

ఊరికే దింపుతానంటోంది, థాంక్యూ చెప్పి వెళ్ళిపోవచ్చు. కానీ అంత కోపంలోనూ నాకు ఆయన మాట గుర్తొచ్చింది. బోణీ కాగానే బయల్దేరదాం. సరే, అలాగే కానిద్దాం అనుకున్నాను. ప్లాస్టిక్ స్టాండులోంచి ఆ కార్డు తీసి, అంచులు పట్టుకుని, ఆవిడ ముందు పెట్టాను.

"ఇది మీరు తీసుకోండి. నన్ను కాలేజీ దగ్గర దింపండి. అదీ బేరం."

ఆవిడ కార్డు ముట్టుకోలేదు. "ఒక రైడ్‌కి ఇది చాలా ఎక్కువ, హనీ. ఊరికే దింపుతానన్నానుగా."

"ఊరికే వద్దు. అమ్మకం అవ్వాలి."

"మీ ఆయన ఏమంటాడో?"

"ఆయన క్యూలో ఉన్నారు."

ఆవిడ ఆ క్యూ వైపు చూసింది. నావైపు చూసింది. చెయ్యి చాపింది. ఇద్దరం షేక్‌హ్యాండ్ ఇచ్చుకున్నాం. మా వారైతే బోణీ డబ్బు కళ్ళకద్దుకునేవారు. నాకు అద్దుకోవడానికి ఏమీ లేదు కనక, హ్యాండ్‌బ్యాగులో పెన్సిళ్ళు ఉన్నాయో లేదో చూసుకున్నాను.

కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, మోకాళ్ళ మీద టేబుల్ కిందికి దూరాను. లోపల చీకటి. చుట్టూ అట్టపెట్టెలు, ఎవరో నమిలి అంటించిన గమ్. అక్కడ ఒక్క క్షణం ఆగిపోయాను. భయం వేసింది, అబద్ధమెందుకు. ముక్కూ మొహం తెలియని మనిషి ట్రక్కు ఎక్కబోతున్నాను. వెనక్కి వెళ్ళి కుర్చీలో కూర్చుంటే ఎవరూ నన్ను ఏమీ అనరు. అదే ఆలోచిస్తుంటే బయట వరసగా బూట్లు, వాటి మధ్య ఆవిడ చెయ్యి కనపడ్డాయి. ఆ చెయ్యి పట్టుకుని అవతలికి వచ్చాను. మోకాళ్ళ దగ్గర చీర మాసిపోయింది.

పరీక్ష గది తలుపు మూయబోతుండగా వెళ్ళాను. "గో, గో," అని ట్రక్కులోంచి ఆవిడ అరవడం వినపడుతూనే ఉంది. లెక్కలు చూస్తే మా ఊరి హైస్కూలు పిల్లలు కూడా చేసేవే. కానీ పెన్సిల్ పట్టుకుని ఎన్నాళ్ళయిందో. వేళ్ళకి ఇంకా బబుల్‌గమ్ వాసనే. ప్రతి లెక్కా రెండేసి సార్లు సరిచూసుకున్నాను.

బయటికి వచ్చేసరికి ఎండ వాలిపోయింది. మెట్ల ముందు మా కారు ఉంది. మా వారు లోపలే కూర్చుని ఉన్నారు, ఒళ్ళో సంతకం పెట్టిన బాల్, మొహం మాడ్చుకుని. తలుపు తీసుకుని ఎక్కి కూర్చున్నాను.

"ఆ కార్డేది?" అన్నారు. మొదటి మాట అదే.

"అమ్మేశాను."

"ఎంతకి?"

"ఇక్కడ దింపినందుకు."

"నీకేమైనా మతి పోయిందా? ఆవిడ ఫ్రీగా డ్రాప్ చేస్తానందిట, వాళ్ళ తమ్ముడు చెప్పాడు! నా ముందు నలుగురే ఉన్నారు. ఫైవ్ మినిట్స్ ఆగలేకపోయావా?"

"బోణీ కాగానే బయల్దేరదాం అన్నారు," అన్నాను. "బోణీ అయింది. బయల్దేరాను."

ఆయన బాల్ వెనక సీట్లో పడేసి తాళం తిప్పారు. "పరీక్ష ఎలా రాశావు?" అని ఆయన అడిగేసరికి మా అపార్ట్‌మెంట్ వచ్చేసింది.

పాసయ్యాను. మే నెలలో తొమ్మిదో నెల పొట్టతో, సీటుకీ డెస్కుకీ మధ్య పట్టక పక్కకి తిరిగి కూర్చుని చివరి పరీక్ష కూడా రాశాను. డ్రైవింగ్ మాత్రం ఆయన దగ్గర నేర్చుకోలేదు, క్లాసులో నా పక్కన కూర్చునే అమ్మాయి నేర్పింది. పాపకి ఏడాది నిండాక ఉద్యోగంలో చేరి, రిటైరయ్యేదాకా చేశాను.

ఇక ఆ కార్డులంటారా, అప్పట్లో వాటిని కుప్పలుతెప్పలుగా అచ్చేశారట. ఇప్పుడు ఊరికే ఇచ్చినా పుచ్చుకునే దిక్కు లేదు. పెట్టెలన్నీ మా అమ్మాయి గరాజ్‌లో ఉన్నాయి, నేను పేర్చిన వరసలోనే. ఆ టేబుల్ మీద నుంచి మాకు నిజంగా గిట్టిన బేరం ఆ ఒక్కటే. ఈ సంగతి మా వారు నోటితో ఒప్పుకోరు. పైగా ఎవరింటికైనా భోజనాలకి వెళ్ళినప్పుడు, నా ఉద్యోగం ప్రస్తావన వస్తే చాలు, కుర్చీలో వెనక్కి వాలి, "అసలు తనని ఆ రోజు ఎగ్జామ్‌కి పంపించింది నేనే," అని మొదలుపెడతారు.

నేను చేతిలో కప్పు కింద పెట్టి, "ఏమండీ," అంటాను. గట్టిగా కూడా అనను. ఇప్పుడు ఒక్క పిలుపుకే వినపడుతుంది.